ఇటలీ సంగటి

పుత్తూరులో ఆ రోజు గంగజాతర. ఊరంతా సెలవు, శకుంతలమ్మకు తప్ప. చంటిబిడ్డను ఉయ్యాల్లో పడుకోబెట్టి, పొద్దుటి నుంచి పొయ్యి ముందే ఉంది. ఒళ్లు మండిపోతోంది. అది ఒక్క పొయ్యి సెగే కాదు.

వరండాలో ఆమె మొగుడు గంగాధరం, అత్త వరదమ్మ, యుద్ధం నుంచి మొన్ననే తిరిగొచ్చిన గంగాధరం అన్న మునస్వామి. ముగ్గురికీ తిండి కబుర్లే. మునస్వామి ఈ ఇంట్లో ఉంటాడా పోతాడా అన్న మాట మాత్రం ఎవరూ ఎత్తరు.

"ఇటలీలో గూడా సంగటి ఉండాది అమా. మొక్కజొన్న పిండితో. పెద్ద చెక్క మీద పోసేస్తారు. ఇంటిల్లిపాదీ చుట్టూ కూసోని తినేదే" అన్నాడు మునస్వామి.

"సేమ్యాలు?"

"అబ్బో! పిండి పిసికి, సన్నంగా కోసి, దండేనికి ఆరేస్తారు. అవి మా దేశంలోనే పుట్టినాయంటారు వాళ్లు. చైనావని మా సుబేదారు అనేటోడు."

"ఏం గాదు. మా అవ్వ కాలం నించి చేస్తా ఉండాము. మనల్ని సూసే నేర్సుకోనుంటారు" అని వరదమ్మ తేల్చేసింది. గంగాధరం అవసరానికి మించి నవ్వాడు.

"ఖైదీల క్యాంపు నించి తప్పించుకోనొస్తే, ఒక ముసలామె పశువుల కొట్టంలో దాచిపెట్టి తొమ్మిది నెలలు కూడు పెట్టింది. ఏం చేతివంటో!"

లోపల గిన్నె నేలకేసి కొట్టిన చప్పుడైంది. శకుంతలమ్మ గడపలోకొచ్చి నిలబడింది.

"అడుగు అత్తా! తొమ్మిది నెలలు తిని కూసున్నోడు ఇంటికి ఒక్క జాబు రాయలేకపోయినాడా?"

"ఆడ తెలుగు రాసేటోడు యాడుండాడు?" అన్నాడు మునస్వామి నేల చూస్తూ. "మళ్లా మన పట్టాళంలో కలిసినాక రాయించినాను. అది చేరలేదు."

ఆమె విస్తళ్లు పరిచి, సంగటి, వేటమాంసం పులుసు విసురుగా వడ్డించింది. మునస్వామి ఒక ముద్ద తిని ఆగాడు.

"పులుపు తగ్గిందే?"

"ఈ ఇంట్లో పులుపు మానేసి రెండేండ్లయింది. తినేవాళ్లకు పడదు."

గంగాధరం తలెత్తలేదు.

"సాయంత్రం మద్రాసు బండికి పొమ్మను అత్తా! ఇంకొక్క పూట ఉన్నాడంటే, నా బిడ్డనెత్తుకోని నేను పోతాను."

వరదమ్మకు కోపం నషాళానికెక్కింది. "ఇది వాడు పుట్టిన ఇల్లు! పొమ్మనేదానికి నువ్వెవరే?"

వీధిలో డప్పులు చెవులు చిల్లులు పడేలా మోగుతున్నాయి.

"కోప్పడొద్దు అమా. ఆయమ్మ చెప్పేది న్యాయమే" అంటూ మునస్వామి సగం తిన్న విస్తరి ముందు నుంచి లేచి చెయ్యి కడుక్కున్నాడు.

మునస్వామి చచ్చిపోయాడని పట్టాళం నుంచి తంతి వచ్చి, కులపెద్దలు గంగాధరంతో మారుమనువు చేసేదాకా, శకుంతలమ్మ మునస్వామి భార్య.