ఓడలో సరుకు

నౌపడ బజార్లో చేపలమ్ముతున్న ఉషకి నాలుగు రోజుల తర్వాత మొగుడు ఎల్లాజీ నుంచి ఫోను వచ్చింది. అతను సరుకు ఓడలో ఖలాసీ.

"దారిలో ఓ రేవులో ఓడ దిగిపోనాను," అన్నాడు. "అమెరికాలో ఎక్కించిన పెట్టెలు యంత్రాల సామానని సెప్పినారు. గొలుసులు బిగిస్తంటే ఓ పెట్టె చెక్క ఊడింది. లోపల బాంబులు."

ఉష తక్కెడ కింద పెట్టేసింది. "పేల్తాయని బయమేసిందా మావా?"

"మా కాడ పేలవు. దింపిన కాడ పేల్తాయి."

"ఇప్పుడు ఏటంటన్నారు?"

"నా నావికుడి పుస్తకం లాగేసుకున్నారు. ఇంక ఏ ఓడా ఎక్కనివ్వరట. ఇంటికి పంపేస్తన్నారు."

ఉషకి కోపం తన్నుకొచ్చింది. "సగం ప్రపంచానికి బాంబులు ఆ దేశమే అమ్ముతాదని నువ్వే సెప్పినావు. నువ్వు దిగిపోతే ఆగిపోతాదా? నీ బదులు ఇంకోడు ఎక్కుతాడు."

"ఎక్కేసినాడు. పొద్దున్నే ఓడ ఎలిపోనాది."

ఎదురుగా ఎవరో కవళ్ల చేపల ధర అడుగుతున్నారు. ఉషకి వినపడలేదు. గల్ఫులో వెల్డింగు పని చేస్తున్న తమ్ముడు గుర్తొచ్చాడు.

"మావా, నిజం సెప్పు. ఆ బాంబులు మా తమ్ముడున్న కాడికేనా? అందుకే దిగిపోనావా?"

"కాదే. ఆడికేటీ బయం లేదు."

"మరి?"

"అవి పడే ఊళ్లో మనోళ్లెవరూ లేరు ఉషా. ఎవరున్నారో నాకు తెల్దు."

ఉష కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఇంటికి వొచ్చీ మావా," అంది మెల్లగా.