నానిన దోనె

నగరం నడుమ ఒక ఏరు మురుగు మోసీ మోసీ తన పేరే మరిచిపోయింది. దాని ఒడ్డున మాను తొలిచి చేసిన పాత దోనె ఒకటి బోర్లాపడి, ఏళ్ల తరబడి ఎండకు నెర్రెలిచ్చింది.

కొన్నాళ్లకు మనుషులు మురుగును మళ్లించారు. ఏట్లో తేటనీళ్లు పారాయి. షికారుకని రంగురంగుల ప్లాస్టిక్ పడవలు దిగాయి.

"నన్నూ దింపు నాయనా," అని దోనె ఒడ్డున మేస్తున్న దున్నపోతును అడిగింది. దున్నపోతు కొమ్ములతో తిరగేసి నీళ్లలోకి నెట్టింది. నెర్రెల్లోంచి నీళ్లెక్కి, దోనె ఒడ్డు వారనే మునిగిపోయింది.

"ముసలిదానికి షికారు సరదా పుట్టింది," అని పక్కనే నీళ్లలో నిలబడ్డ కొంగ నవ్వింది.

దున్నపోతు కంగారుగా పైకి లాగబోయింది.

"ఉండనీ నాయనా. ఎండిన కొయ్య తేలాలంటే ముందు నానాలి," అంది దోనె.

కొన్ని రోజులకు కొయ్య ఉబ్బి నెర్రెలు మూసుకుపోయాయి. దున్నపోతు దోనెను ఒరిగించి నీళ్లు పారబోసి, మళ్లీ నెట్టింది. ఈసారి చుక్క నీరు ఎక్కలేదు. దోనె మెల్లగా సాగిపోయింది.

కొంగ వచ్చి దాని అంచున వాలింది.

"ఏరు తిరిగొస్తుందని ఎలా నమ్మావు అవ్వా?"

"నమ్మలేదే. నమ్మితే ఇంతగా నెర్రెలిచ్చేదాన్నా?" అంది దోనె. "వచ్చాక మాత్రం, మునగడానికి సిగ్గుపడలేదు."