వెనక సీటు

"ఏం పెద్దమనిషీ, ఇందాకట్నుంచి చూస్తున్నా. మా ఆవిడ మొహంలో ఏమన్నా సినిమా ఆడుతోందా?"

బస్సంతా ఇటు తిరిగింది.

అడిగినవాడు లిఫ్టు మెకానిక్. తోటి పనివాళ్ళు అతన్ని అగ్గిపుల్ల అంటారు. గీస్తే చాలు, అంటుకుంటాడు. ఎన్నాళ్ళకో దొరికిన సెలవు రోజున భార్యనీ, ఐదేళ్ళ కూతుర్నీ తీసుకుని రాజధాని నుంచి సరస్సు చూడ్డానికి బయల్దేరాడు. పొద్దున తీసుకెళ్ళి సాయంత్రానికి దింపేసే టూరిస్టు బస్సు అది.

ముందు వరసలో ఎదురెదురు సీట్లు. వీళ్ళకి ఎదురుగా నెరిసిన గడ్డంతో ఒక పెద్దాయన. ఆమె మాట్లాడితే ఆమె నోటి వంకే చూస్తున్నాడు. గైడు మాట్లాడితే గైడు వంక. తను నోరు విప్పితే మాత్రం బస్సు అదిరిపోయే గొంతు. పాపతో కాసేపు వేళ్ళతో ఏదో ఆట ఆడి నవ్వించాడు. అంతవరకూ అగ్గిపుల్ల ఓర్చుకున్నాడు.

"అది కాదు బాబూ, నాకు..."

"నాకేం చెప్పక్కర్లేదు. వెళ్ళి వెనక కూర్చో."

"పోనీలెండి, పెద్దవాడు" అంది భార్య. అంటూనే మొహం కిటికీ వైపు తిప్పేసుకుంది.

పెద్దాయన ఎవరి వంకా చూడకుండా లేచాడు. చివరి వరసలోకి వెళ్ళి కూర్చున్నాడు.

సరస్సు కనపడగానే గైడు డ్రైవరు పక్కన నిలబడ్డాడు.

"మబ్బు పట్టేలా ఉంది. ఐదింటికి కాదు, నాలుగింటికే బయల్దేరతాం. అందరూ విన్నారుగా?"

"విన్నాం" అన్నారు అందరూ.

పాప చెవిలో చిన్న మిషన్ ఉంటుంది. అది పెట్టి ఎంతో కాలం కాలేదు. పెట్టాకే "అమ్మ" అనడం నేర్చుకుంది. ఆ ఒక్క మాట కోసం తల్లి మొక్కని దేవుడు లేడు.

భోజనాలయ్యాక చూస్తే చెవిలో మిషన్ లేదు.

గడ్డిలో వెతికారు. పడవల రేవులో వెతికారు. సంచీ బోర్లించారు. ఎక్కడ పడిందని పాపని అడుగుదామంటే దానికి వినపడదాయె.

"ఏం పోయింది?" వెనక నుంచి పెద్దాయన గొంతు.

"మా కొంప మునిగింది. నీకెందుకు?" అన్నాడు అగ్గిపుల్ల, వంచిన తల ఎత్తకుండానే.

పాప తన ఖాళీ చెవి చూపించింది. పెద్దాయన తన చెవి కూడా తట్టి చూపించి, దాని తల నిమిరి రేవు వైపు నడిచాడు.

నాలుగైంది. ఆకాశం నల్లబడింది. అందరూ బస్సెక్కారు, ఆయన తప్ప.

డ్రైవరు హారన్ కొట్టాడు. ఆగి మళ్ళీ కొట్టాడు. చివరికి చెయ్యి తియ్యకుండా కొట్టాడు.

పాప రెండు చేతులతో చెవులు మూసుకుని రేవు వైపు చూసింది. తండ్రి చొక్కా పట్టుకు లాగింది. మళ్ళీ మూసుకుంది.

"ఇక ఆపవయ్యా, పసిపిల్ల జడుసుకుంటోంది" అంది పక్క సీటు బామ్మ.

"ఒక్కడి కోసం ఇంతమందీ తడవాలా? టైము చెప్పారుగా, పోనివ్వండి" అన్నాడు అగ్గిపుల్ల. మిషన్ పోయిన దిగులు ఎవరో ఒకరి మీద కోపంగా బయటికి రావాల్సిందే, అతని తీరే అంత.

"పాపం, పెద్దాయనండీ" గైడు నసిగాడు.

"రేపు నేనెలాగూ వచ్చి మిషన్ వెతుక్కోవాలి. పనిలో పనిగా ఆయన్నీ వెతుకుతాలే."

కొందరు నవ్వారు. బస్సు కదిలింది.

ఊరు చేరేదాకా వాన. పాప చెవి మీద అరచెయ్యి పెట్టుకునే కూర్చుంది తల్లి.

"తడిస్తే ఇక పనికిరాదు కదండీ" అంది ఒకసారి.

మర్నాడు అగ్గిపుల్ల ఒక్కడే వచ్చాడు. రేవు దగ్గర గడ్డి తిరగేస్తుంటే టీ కొట్టామె కేకేసింది.

"బాబూ, చెవి మిషన్ పాప నాన్నవా?"

ఆమె డబ్బాలోంచి ప్లాస్టిక్ కవరు తీసి ఇచ్చింది. లోపల మిషన్. చుక్క తడి లేదు.

"ఎవరిచ్చారమ్మా?"

"గడ్డం ఆయన. రేవు చెక్కల కింద దూరి తీశాడు. మోకాళ్ళు దోక్కుపోయాయి. ఐదింటికి బస్సని చిన్నపిల్లాడిలా పరిగెత్తాడు. అక్కడ బస్సేదీ?"

"నాలుగింటికని చెప్పారు కదమ్మా. హారన్ కూడా అంతసేపు కొట్టాం."

"హారన్ కొడితే ఏం లాభం? ఆయనకి బొత్తిగా వినపడదు. నా వైపు తిరిగి మాట్లాడమ్మా, పెదాలు చూసి తెలుసుకుంటానన్నాడు."

అగ్గిపుల్ల చేతిలో కవరు వంకే చూశాడు. గైడు టైము మార్చి చెప్పినప్పుడు ఆయన చివరి వరసలో ఉన్నాడు. అక్కడికి పంపింది తనే.

"ఇప్పుడెక్కడున్నాడమ్మా?"

"వానలోనే నడిచిపోయాడు. రాత్రికి ఇక్కడే ఉండి తన చేత్తోనే నీకు ఇవ్వమన్నాను. 'ఆ పాప నాన్న తప్పకుండా వస్తాడు. నన్ను చూస్తే ఇబ్బంది పడతాడు' అన్నాడు. పేరు కూడా చెప్పలేదు."

తిరుగుదారిలో బస్సు ఆగిన చోటల్లా దిగి చూశాడు. నెరిసిన గడ్డాలు చాలానే కనపడ్డాయి. ఆయన కనపడలేదు.

ఇంటికొచ్చి పాప చెవిలో మిషన్ పెట్టాడు. "అమ్మ" అంది పాప. దాన్ని ఒళ్ళోకి లాక్కుని ఏడ్చింది తల్లి. అతను తలుపు దగ్గరే నిలబడి జరిగిందంతా చెప్పాడు.

ఆమె కళ్ళు తుడుచుకుని పాప వంక చూసింది.

"నిన్న హారన్ కొడుతుంటే ఇది చెవులు మూసుకుంది, గుర్తుందా?" అంది.

"జడుసుకుంది కదా."

"మిషన్ లేని పిల్లకి హారన్ ఎలా వినపడుతుందండీ? ఆయనకి వినపడదని మనకి చెబుతోంది."