బస్టాపు నుంచి కనబడే బోర్డు

"అక్షరాలు ఇంకా చిన్నవి చెయ్యమ్మా," అన్నాడు టైలరు మాస్టారు.

ఆయన షాపులోనే లాప్‌టాప్ తెరిచి కూర్చున్న డిజైనరమ్మాయి చెయ్యి మౌసు మీదే ఆగిపోయింది. ఆరేళ్లుగా చిన్నచిన్న షాపులకి బోర్డులూ లోగోలూ చేస్తోంది. 'ఇంకా పెద్దవి చెయ్యి' అని ప్రాణం తోడేసేవాళ్లనే చూసింది గానీ, చిన్నవి చెయ్యమన్న మహానుభావుడు ఇంతవరకూ తగల్లేదు.

"ఇప్పటికే చీమ తలకాయల్లా ఉన్నాయి మాస్టారూ! బోర్డన్నాక రోడ్డవతల బస్టాపులో నిలబడ్డవాళ్లకి కనబడాలి. ముదురు రంగు మీద లేత అక్షరాలుండాలి. మీరేమో బూడిదరంగు మీద బూడిదరంగు వెయ్యమంటున్నారు!"

"నాకు బూడిదరంగే బాగుంటుంది." మాస్టారు మెడలో టేపు సర్దుకుని కిటికీలోంచి పక్కకి తొంగిచూశాడు. "పక్క షాపు బోర్డు నువ్వే చేశావటగా?"

"నేనే. ఎంత దూరం నుంచి కనబడుతోందో చూడండి మరి!"

"ఆ ఎర్రరంగు ఎండకి వెలిసిపోదు కదా?"

"పోదు."

"వానకి?"

ఓహో, అదా సంగతి అనుకుందామె. పక్కనే ఒకావిడ కొత్తగా ఇంకో టైలరింగ్ షాపు తెరిచి నెలైనా కాలేదు. ఈయనకి అప్పుడే కడుపుమంట మొదలైంది. కానీ కడుపుమంటే అయితే పోటీగా ఇంకా పెద్ద బోర్డు పెట్టాలి. ఈ మనిషి, ఇరవై ఏళ్లుగా నిక్షేపంలా ఉన్న పాత బోర్డు పీకించి మరీ ఈ బూడిద పూసుకుంటున్నాడు. చోద్యం కాకపోతే ఏమిటి?

ఆయన బోర్డు ఆయనిష్టం అని ఊరుకోవచ్చు. కానీ ఆ బోర్డు కిందిమూల ఆమె పేరూ ఫోన్ నంబరూ ఉంటాయి. ఈ షాపుల వరస ఓనరు రేపు పది గంటలకి స్వయంగా వచ్చి చూస్తానన్నాడు. నచ్చితే పదకొండు షాపుల బోర్డులూ ఆమెవే. నచ్చకపోతే మళ్లీ ఎప్పట్లా విజిటింగ్ కార్డులు చేసుకుంటూ కూర్చోవాల్సిందే.

ఫోన్ మోగింది. ప్రింటింగ్ ప్రెస్సాయన.

"మేడమ్, ఫైలు పంపిస్తారా, వేరేవాళ్లది ఎక్కించమంటారా? మెషిను ఖాళీగా ఉంది."

"పది నిమిషాలండీ!" అని పెట్టేసి మాస్టారి వైపు తిరిగింది. "ఒక్కసారి ఇది చూడండి మాస్టారూ, మీ కాళ్లు పట్టుకుంటాను."

ముదురు నీలం మీద తెల్లటి అక్షరాలు, పక్కన ఒకే ఒక్క కత్తెర బొమ్మ, చుట్టూ బోలెడు ఖాళీ. ఆమె చేతి నుంచి ఇంత చక్కటి బోర్డు ఇంతకుముందు రాలేదు.

మాస్టారు చాలాసేపు చూశాడు. "బాగుంది," అన్నాడు. "కానీ వద్దు. ఇందాకటిదే పంపెయ్."

ఆమె తన గదికి వచ్చి కూర్చుంది. కూర్చోలేక లేచింది. తెర మీద రెండు ఫైళ్లూ పక్కపక్కనే ఉన్నాయి. ప్రెస్సాయన రెండుసార్లు ఫోన్ చేశాడు. మూడోసారి మోగేసరికి ఆమె నీలం ఫైలు పంపేసింది. కళ్లారా చూశాక ఆయనే మెచ్చుకుంటాడు, అని తనకి తానే నచ్చజెప్పుకుంది.

మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికే వచ్చి బస్టాపులో నిలబడింది. అవతల నిచ్చెన మీద ఇద్దరు బోల్టులు బిగిస్తున్నారు. మాస్టారు బయటికొచ్చి తలెత్తి చూశాడు. వెంటనే లోపలికి వెళ్లిపోయాడు. 

పదింటికి ఓనరు వచ్చాడు. కారు దిగుతూనే, "భలే ఉందమ్మా! మిగతావి ఎప్పుడు మొదలెడతావ్?" అన్నాడు.

గాల్లో తేలినట్టే రోడ్డు దాటింది. మాస్టారు మిషను దగ్గర లేడు. స్టూలు మీద చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"ఫైళ్లు తారుమారయ్యాయి మాస్టారూ..." అంది.  "కాదు, నేనే మార్చాను. మీ మంచికే మార్చాను."

ఆయన జవాబు చెప్పేలోపు బస్సు ఆగింది. గుడ్డలసంచీతో ఒకావిడ దిగి రోడ్డు దాటింది. పక్క షాపు మెట్టు మీద కాలు పెట్టబోతూ తలెత్తి నీలం బోర్డు చూసింది. కాలు వెనక్కి తీసుకుని నేరుగా మాస్టారి దగ్గరికి వచ్చేసింది.

"చూశారా!" అన్నట్టు డిజైనరమ్మాయి కళ్లెగరేసింది.

"పక్కన అడగలేకపోయారా?" అన్నాడు మాస్టారు ఆవిడతో. "నా చేతిలో పని చాలా ఉంది."

"పర్లేదు, ఆలస్యమైనా మీరే కుట్టండి. బోర్డు చూస్తేనే తెలుస్తోంది మంచి షాపని!"

మాస్టారు కొలతలు తీసుకుని ఆవిణ్ణి పంపాడు. రెండు షాపులకీ మధ్య ఒకే ఒక్క పల్చటి గోడ. దాని అవతల మిషను చప్పుడు లేదు. ఆయన ఆ గోడ వైపే చూస్తున్నాడు.

"తిట్టండి మాస్టారూ, పడతాను. కానీ గిరాకీ వచ్చిందని ఇంత దిగులుపడేవాళ్లని నేనెక్కడా చూళ్లేదు."

"నిన్ను తిట్టి ఏం లాభంలే." మాస్టారు మెడలో టేపు తీసి చేతికి చుట్టుకోసాగాడు. "అది నా చెల్లెలి షాపమ్మా. నేను చేత్తో ఏమిచ్చినా మొహాన కొడుతుంది. గుమ్మంలోకి నడిచొచ్చిన గిరాకీనైతే వెనక్కి పంపదు కదా, అనుకున్నాను."