మాస్టారి తరఫు సాక్షి

"నలభై రెండు సెకన్లలో పదకొండు దెబ్బలు. మనిషి కింద పడ్డాక నాలుగు. దీన్ని డ్యూటీ అంటారా?" మందుల షాపాయన ఫోను గాల్లో ఊపుతూ అడిగాడు.

"వీడియో మధ్యలోంచి మొదలైంది కదండీ. ముందేం జరిగిందో ఎవడికి తెలుసు? ఏమీ చేయనివాణ్ణి పోలీసులు ఊరికే కొడతారా?" అన్నాడు బస్సు డ్రైవరు.

"ఏం చేసినా సరే! పడిపోయినవాణ్ణి కొట్టమని ఏ పుస్తకంలో ఉంది?"

లాండ్రీ ఆయన డ్రైవరు బట్టల మూట విప్పి, ఒక్కో కాలరూ తిప్పి, ఏ బట్ట ఎవరిదో తెలియడానికి తను వేసుకున్న నంబరు చదివాడు. మళ్లీ మొదటి నుంచి చదివాడు.

"ఏంటి పెద్దాయనా, నా చొక్కాలకి హాజరు వేస్తున్నావా?"

ఇద్దరూ నవ్వారు. మూట తీసుకుని, వాదించుకుంటూనే వీధి చివరిదాకా వెళ్లారు.

షాపులో ఆయన, ఇస్త్రీపెట్టె మిగిలారు. వెనక గదిలోనే కాపురం. కాపురమంటే ఒక మంచం, ఒక కంచం. భార్య పోయి తొమ్మిదేళ్లయింది. పొద్దున మొదటి బేరం వచ్చేదాకా తన గొంతు ఎలా ఉంటుందో ఆయనకే గుర్తుండదు.

ఆదివారాలు మాత్రం వేరుగా ఉండేవి. బట్టల కోసం లెక్కల మాస్టారు వచ్చేవాడు. వచ్చినవాడు వెళ్లేవాడు కాదు. స్టూలు లాక్కుని గంటసేపు లోకం మీద విసుక్కునేవాడు. "మా ఇంటికి రావయ్యా, మా ఆవిడ నిన్నడుగుతోంది" అనేవాడు. వెళితే ఆవిడ "రా అన్నయ్యా" అనేది. ఈ ఊళ్లో ఆయన్ని ఆ పిలుపు పిలిచే మనిషి ఆవిడొక్కతే.

వీడియోలో కిందపడి చేతులడ్డం పెట్టుకున్నది ఆ మాస్టారే. పోలీసులు ఆయన్ని నగల దుకాణంలో పడిన దొంగ అనుకున్నారు. ఆనవాళ్లు సరిపోయాయని ఇప్పటికీ అంటున్నారు. విచారణ తేలేదాకా బడికి రావద్దని హెడ్మాస్టరు కబురు పెట్టాడు. దొంగ దగ్గర మా పిల్లలు లెక్కలు నేర్చుకోవాలా అని తల్లిదండ్రులు గేటు దగ్గర గొడవ చేశారట.

మధ్యాహ్నం లాండ్రీ ఆయన షాపు మూసి ఆసుపత్రికి వెళ్లాడు. పన్నెండు రోజులుగా రోజూ వెళుతున్నాడు.

"వచ్చావా," అన్నాడు మాస్టారు. పక్కటెముకలకి కట్టు. మాటకో ఆయాసం. "టీవీలో పన్నెండు దెబ్బలంటున్నారు. తప్పు. పదకొండే. నేను లెక్కపెట్టాను."

"అంత నొప్పిలోనా మాస్టారూ?"

"అలవాటయ్యా. ఇంకేం చేయను?" దుప్పటి పైకి లాక్కున్నాడు. "లక్షలమంది చూశారట. నాకోసం సగం దేశం అరుస్తోందట. చూడ్డానికి వచ్చింది మాత్రం నువ్వొక్కడివే."

లాండ్రీ ఆయన మంచం కింద చెప్పులు సర్దాడు. అవి సరిగానే ఉన్నాయి.

మాస్టారి భార్య వరండాలోకి పిలిచింది. "రేపు విచారణ అన్నయ్యా. చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి తీసుకెళతారట. ఎలాంటి మనిషో చెప్పడానికి మన తరఫున ఒకరు కావాలన్నారు. మా వాళ్లెవరూ ఫోన్లెత్తడం లేదు. అసలు నేను మా చెల్లెలింటికి వెళ్లిన వారంలోనే ఇది జరగాలా?" ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంది. "నువ్వు చెబుతావుగా?"

"చెబుతానమ్మా."

ఆ సాయంత్రం షాపు తెరవలేదు. ఇస్త్రీబల్ల ముందు నిలబడి రెండు మాటలు తయారు చేసుకున్నాడు. మొదటిది సులువు. మాస్టారు బంగారంలాంటి మనిషి. అది చెబితే ఆ ఇంటి తలుపు ఎప్పటికీ తెరిచే ఉంటుంది. రెండోది ఎన్నిసార్లు మొదలుపెట్టినా సగంలోనే వదిలేసి మళ్లీ మొదటిదానికే వచ్చాడు.

మర్నాడు పదకొండింటికి విచారణ గది నిండిపోయింది. వెనక వరసలో విలేఖరులు. గోడ మీద వీడియో వేశారు. పదకొండు దెబ్బలూ అందరూ కలిసి చూశారు. కొట్టిన ఇన్‌స్పెక్టరు గోళ్లు చూసుకుంటూ కూర్చున్నాడు.

తర్వాత ఇన్‌స్పెక్టరు వకీలు లేచి ఇంకో బొమ్మ వేయించాడు. నగల దుకాణం కెమెరాలో దొంగ వీపు. ముఖం లేదు. ఆకుపచ్చ గీతల చొక్కా, వీపు మీద అతుకు.

"మాస్టారుగారూ, మీరు పట్టుబడినప్పుడు ఒంటి మీదున్నది ఇదే చొక్కా. అతుకుతో సహా. మీదేనా?"

మాస్టారు చక్రాల కుర్చీలోంచి అయోమయంగా చూశాడు. "ఇస్త్రీ మూటలో పైనుంటే వేసుకున్నానండీ. నాదే అయ్యుంటుంది."

గది గుసగుసలతో కదిలింది. ఎవరో "మరింకేం!" అన్నారు. ఇన్‌స్పెక్టరు గోళ్లు చూసుకోవడం మానేసి తలెత్తాడు. మాస్టారి భార్య రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుంది.

"దెబ్బల సంగతి తర్వాత చూద్దాం," అన్నాడు విచారణాధికారి. "ఈయన తరఫున ఎవరో ఉన్నారన్నారు?"

లాండ్రీ ఆయన లేచాడు.

"ఈయన గురించి మీకేం తెలుసు?"

"చెప్పన్నయ్యా," అంది ఆవిడ, ఆశగా.

ఆ పిలుపు పూర్తిగా చెవిన పడేదాకా ఆగి, అప్పుడన్నాడు ఆయన.

"ఆ చొక్కా మాస్టారిది కాదయ్యా, నంబరు చూసుకోకుండా ఆయన మూటలో పెట్టింది నేనే."