ఉరుములక్క ఆపని పాట

"ఆ రొద ఇంకొక్కసారి వినిపించిందంటే నీ ఉద్యోగం ఊడినట్టే!"

స్టూడియో తలుపు తోసుకొచ్చి మరీ అన్నాడు మేనేజరు. మైకు ముందు కూర్చున్నావిడ తల కూడా తిప్పలేదు. కిటికీలోంచి సముద్రాన్నే చూస్తోంది. ఆవిడ అసలు పేరు రేవులో ఎవరికీ గుర్తులేదు. గాలం వేసేవాళ్లందరికీ ఆవిడ ఉరుములక్క, అంతే.

రేవు రేడియోలో రోజూ పొద్దున్న 'గాలం కబుర్లు' చదివేది ఆవిడే. రాతికట్ట దగ్గర పండుగప్ప పడుతోందా, బయటి దిబ్బ మీద వంజరం తిరుగుతోందా, ఏ ఎరకి ఏది ఎగబడుతోంది, గాలి ఎటుంది... అన్నీ పూసగుచ్చినట్టు చెబుతుంది. కానీ కబురుకీ కబురుకీ మధ్య హెవీ మెటల్ మోగాల్సిందే! గిటార్లు గర్జిస్తాయి, డ్రమ్ములు దడదడలాడతాయి. కాఫీ తాగుతూ వినేవాళ్ల సంగతి ఆ దేవుడికే ఎరుక.

"నేనొచ్చి నెల కాలేదు, ఫిర్యాదులతో నా చెవులు చిల్లులు పడుతున్నాయి. చేపల వార్తలకి హాయిగా ఏ వేణువో వెయ్యకూడదా?"

"చేపలేం ఫిర్యాదు చెయ్యలేదుగా సార్."

"వెటకారమా?"

"కాదు సార్, వార్త."

అద్దం అవతలున్న టెక్నీషియన్ నవ్వు ఆపుకోలేక దగ్గు నటించాడు.

మేనేజరుకి ఒళ్లు మండింది. "ఇవాళ పై ఆఫీసువాళ్లు వింటున్నారు. వార్త చదువు, మెత్తటి పాట వెయ్యి. కాదంటే స్టూడియో తాళాలు నా చేతిలో పెట్టి ఇంటికెళ్లు."

ఉరుములక్క ఏదో అనబోయేంతలో రేవు టవర్ నుంచి ఫోనొచ్చింది. గాలి తిరిగింది, ఈదురుగాలి వచ్చేస్తోందట. ఆవిడ వెంటనే మైకు ఆన్ చేసింది. "గాలం వేస్తున్న పడవలన్నీ ఉన్నపళంగా వెనక్కి రావాలి. చేప రేపు కూడా ఉంటుంది, మీరుండాలి కదా!" అని అదే మాట రెండుసార్లు చెప్పింది.

కిటికీలోంచి చూస్తే పడవలు ఒక్కొక్కటే రేవువైపు మళ్లుతున్నాయి. దిబ్బ దగ్గరున్న నీలం పడవ మాత్రం కదల్లేదు.

"అదెవరిది?" అన్నాడు మేనేజరు.

"మా ఆయనది."

"రెండుసార్లు చెప్పావుగా! ఇంకా తిరగడేం?"

"పాట పడాలి సార్."

"పాట వేస్తేగానీ ఇంటికి రాడా?"

"రాడు."

"ఏం మొగుడూ పెళ్లాలమ్మా మీరు! ఫోన్ చేసి పిలుచుకో."

"దిబ్బ దగ్గర సిగ్నలుండదు సార్."

మేనేజరు తల పట్టుకున్నాడు. పిచ్చి ఉంటే ఉండొచ్చుగానీ ప్రాణం మీదికి తెచ్చుకునేంతా! టెక్నీషియన్ లోపలికొచ్చి ఆవిడ చెవిలో గొణిగాడు. "సార్‌కి చెప్పెయ్యొచ్చు కదక్కా?"

"చెబితే జాలిపడతాడు. జాలిపడి వెయ్యనిచ్చే పాట నాకొద్దు. ఇది మా పాట."

నిజంగానే వాళ్ల పాట అది. వయసులో ఉన్నప్పుడు ఒక కచేరీలో గట్టి అభిమానులు కూడా చెవుల్లో దూది పెట్టుకుంటే, ఒక్క మనిషి మాత్రం స్టేజీ ముందున్న పెద్ద స్పీకరుకి గుండె ఆనించి, కళ్లు మూసుకుని నిలబడ్డాడు. చేసుకుంటే ఈ పిచ్చివాణ్నే చేసుకుంటానని ఉరుములక్క అప్పుడే నిశ్చయించుకుంది. నాన్న వద్దన్నాడు, అన్నయ్య వద్దన్నాడు. వింటేగా!

ఇప్పుడు మాత్రం ఎందుకు వింటుంది? బల్ల మీది తాళాలగుత్తి తీసి మేనేజరు చేతిలో పెట్టింది.

"అంటే మానేస్తున్నావన్నమాట?"

"తీసేస్తానన్నది మీరు. పాట అయ్యాక వెళతాను."

మామూలు రోజుల్లో వేసే పాట కాదు, ఈదురుగాలి రోజుల కోసం దాచిన పాట తీసింది. డ్రమ్మర్ రెండు కాళ్లతో కుమ్మేసే పాట. శబ్దం పెంచే మీట చివరిదాకా తోసింది. అద్దాలు గజగజలాడాయి. మేనేజరు ఆపెయ్యబోయాడుగానీ ఉరుములక్క మీటకి అడ్డంగా చెయ్యి పెట్టి నిలబడింది.

"చెయ్యి తియ్యి!"

"పడవ తిరగనివ్వండి."

నిమిషం తిరక్కుండానే నీలం పడవ గిర్రున తిరిగి రేవువైపు పరుగందుకుంది. ఉరుములక్క కళ్లు తుడుచుకుని, పాట ఆగనివ్వొద్దని టెక్నీషియన్‌కి సైగ చేసి, మీట దించకుండానే మెట్లు దిగింది. ఇద్దరినీ కలిపి కడిగెయ్యాలని మేనేజరు కూడా వెనకాలే దిగాడు.

వాళ్లు రేవు చేరేసరికి గాలి విసిరికొడుతోంది. పడవ వచ్చి కట్టకి ఆనుకుంది. పడవలోని రేడియోలో పాట ఇంకా చెలరేగిపోతోంది. స్పీకరు డబ్బాని కూర్చునే పలకకే బోల్టులేసి బిగించాడా మహానుభావుడు! చెప్పులు లేకుండా పలకల మీద నిలబడి, వీళ్లకి వీపు పెట్టి, తాళం ప్రకారం తలాడిస్తూ తాడు కడుతున్నాడు.

"ఏమయ్యా! మైకులో చెబితే రావు, ఈ రొద పెడితేనే వస్తావా?" అని అరిచాడు మేనేజరు.

ఆయన తిరిగి చూడలేదు.

"నిన్నేనయ్యా! ఎంత పొగరు నీకు!"

ఊహూ. ఆయన ముడి బిగించుకుంటున్నాడు. మేనేజరు కోపంగా పడవలోకి వంగి, పడిపోబోయి, ఆ పలకని పట్టుకున్నాడు. పలక దడదడలాడుతోంది. అరచెయ్యి నుంచి భుజందాకా అదురు పాకింది. చటుక్కున చెయ్యి లాక్కున్నాడు.

"ఈ మోతకి చెవులు ఇంకా ఎలా పనిచేస్తున్నాయయ్యా నీకు?"

మొగుడి బదులు ఉరుములక్కే జవాబు చెప్పింది.

"ఆయనకి పుట్టుచెవుడు సార్."