కూలర్ మీద చీటీ

కంపెనీ వాళ్ల మాటలు కారిడార్‌లో వినబడగానే భార్గవ్ ల్యాబ్ బల్ల కిందికి వంగాడు. అక్కడ లేజర్లను చల్లబరిచే రెండు కూలర్లలో 'దేదీప్య' అని చీటీ ఉన్నదాని స్విచ్ ఆపేసి, ఏమీ ఎరగనట్టు నిలబడ్డాడు.

ఆ కంపెనీ కాలిఫోర్నియాలో ఇచ్చే వేసవి ఇంటర్న్‌షిప్ ఒక్కటే ఉంది. కావలసినవాళ్లు ఇద్దరు. ఇద్దరి లేజర్లూ ఆ బల్ల మీదే వెలుగుతున్నాయి. భార్గవ్ లేజర్‌లో వెలుగు పుట్టేది పలుచని పొరలో. దేదీప్యది క్వాంటమ్ డాట్ లేజర్. కంటికి ఆనని చుక్కల్లో ఎలక్ట్రాన్లను బంధిస్తుంది. చుక్కలో చిక్కిన ఎలక్ట్రాన్ వేడెక్కినా తేలిగ్గా జారిపోదని, వెలుగు తగ్గదని ఆమె వాదన.

"కూలర్ తీస్తే నీ చుక్కలకి చెమటలు పడతయ్ చెల్లె," అని భార్గవ్ రోజూ ఏడిపించేవాడు.

అతిథులు లేజర్ల వెలుగు కొలిచే మీటర్ల ముందు నిలబడ్డారు. కాసేపటికి ఒకదానిలో అంకె పడిపోసాగింది. భార్గవ్ నవ్వు ఆపుకుంటూ చూశాడు. పడిపోతున్నది తన మీటరే. దేదీప్యది కదల్లేదు.

కూలింగ్ ఎలా చేస్తున్నావని వాళ్లు ఆమెను అడిగారు.

"నో కూలర్ సర్. పోయిన నెలే డిస్‌కనెక్ట్ చేశాను."

అతిథులు పక్క గదిలోకి వెళ్లగానే భార్గవ్ మళ్లీ వంగాడు. తను ఆపిన కూలర్ వైరు తిన్నగా తన లేజర్‌కే వెళ్తోంది.

"పొద్దున రెండు చీటీలూ మార్చి అంటించాను అన్నా," అంది దేదీప్య. "చీటీని నమ్మకు, వైరు పట్టుకుని చూడు అని నాకు నేర్పింది నువ్వే కదా!"